నాన్న వాచీకి కీ ఇద్దామా!

బీరువా లాకర్లో ఏముంటాయి? అమ్మ నల్లపూసలు, పొలం పాసుపుస్తకం, నాన్న ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్టు, ఎప్పుడో గడువు తీరిన పొదుపు పత్రాలు. వాటన్నిటికీ అడుగున చేతిరుమాల్లో చుట్టిన ఓ వాచీ. బెల్టు ఎండి పెళుసుబారి ఉంటుంది. అద్దం పసుపుపచ్చగా మారి ఉంటుంది. ముళ్లు ఏ నాలుగుంపావు దగ్గరో ఆగిపోయి ఉంటాయి. 'ఇదేంటి?' అని పిల్లలు అడిగితే 'మీ తాతయ్య వాచీ' అని చెబుతాం. ఆ ముక్కతో కథ అయిపోతుంది. మళ్లీ చేతిరుమాలు, మళ్లీ లాకరు.

మన ఇళ్లలో ఇలా నిద్రపోతున్న వాచీలకు లెక్కలేదు. అది ఏ కంపెనీది, ఎప్పటిది, ఇప్పుడు బాగుచేయిస్తే నడుస్తుందా... ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు దొరుకుతాయి. చాలావరకు ఆ వాచీ మీదే రాసి ఉంటాయి. చదవడం తెలియాలంతే. ఇంకో సంగతి కూడా ఉంది. బాగుచేయించాలన్న తొందరలో మనమే దాన్ని పాడుచేసే ప్రమాదం ఎక్కువ. లాకర్లో ముప్పై ఏళ్లు పడున్నా చెడనిది, దుకాణంలో ఒక్క మధ్యాహ్నంలో చెడిపోవచ్చు.

అల్లుడికి వాచీ

ఇప్పుడంటే టైము చూడ్డానికి సెల్‌ఫోనుంది. ఒకప్పుడు చేతికి వాచీ ఉందంటే అదో హోదా. పెళ్లి మాటల్లో సైకిలు, రేడియో, వాచీ అనే మూడు వస్తువులు తప్పకుండా వినపడేవి. వాచీ పెట్టలేదని అలిగి విడిదింట్లోంచి కదలని పెళ్లికొడుకుల కథలు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైతే వాచీ, మొదటి ఉద్యోగం వస్తే వాచీ, రిటైరైతే శాలువాతోపాటు మళ్లీ వాచీయే.

స్వాతంత్య్రానికి ముందు మనవాళ్లు పెట్టుకున్నవి దాదాపుగా స్విస్ వాచీలే. వాటిలో కొన్ని కంపెనీలకు మన దేశమే పెద్ద బజారు. 'వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ' 1886 నుంచి బొంబాయి, కలకత్తాల పేరు చెప్పుకుని వ్యాపారం చేసింది. దాని 'సొవార్' మోడలు మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిల చేతులమీద ఎన్నో దేశాలు తిరిగింది. సొవార్ అంటే మన 'సవారు'... గుర్రమెక్కిన సిపాయి. మిలటరీ మాధవరంలాంటి ఊళ్లవాళ్లు ఓసారి పాత ట్రంకుపెట్టెలు వెతికి చూడొచ్చు! తన పుట్టుక 1737 అని చెప్పుకునే ఫావ్రె లూబా కంపెనీ కూడా పంతొమ్మిదో శతాబ్దంలోనే బొంబాయి చేరింది. సీ చీఫ్, సీ కింగ్ అన్నవి దాని మోడళ్లే. ఆ తరవాత కామీ, రోమర్, హెన్రీ శాండోజ్, టిటోనీ, ఎనికార్... కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో ఈ పేర్లు వినపడేవి.

మధ్యతరగతి చేతికి వాచీ తొడిగింది మాత్రం హెచ్‌ఎంటీ. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ తయారైన తొలి విడత వాచీలను 1963లో ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, జవాన్, కోహినూర్, సోనా, కాంచన్... గుమాస్తా దగ్గర్నుంచి కలెక్టరు దాకా చాలామంది ఈ పేర్లతోనే టైము చూసుకున్నారు. మన హైదరాబాద్ ఆల్విన్ సంగతి మరిచిపోకూడదు. బస్సు బాడీలూ ఫ్రిజ్‌లూ చేసిన ఆ సంస్థ 1980ల్లో జపాన్ సీకో కంపెనీ సాంకేతిక సహకారంతో వాచీలు కూడా చేసింది. అదే కాలంలో కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు టేప్‌రికార్డరుతోపాటు ఓ సీకో ఫైవో, సిటిజన్ ఆటోమేటిక్కో తెచ్చేవారు.

ఆ తరవాత క్వార్ట్జ్ వచ్చింది. సీకో 1969 డిసెంబరు 25న తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. 1984లో మొదలైన టైటాన్ మన దేశంలో సెల్లుతో నడిచే వాచీలను ఇంటింటికీ చేర్చింది. రోజూ కీ ఇవ్వాల్సిన వాచీలు ఒక్కొక్కటే లాకర్లోకి వెళ్లిపోయాయి. చివరికి 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

డయలు చెప్పే సంగతులు

వాచీని వెలుతురులో పెట్టి భూతద్దంతో చూడండి. మొదట డయలు. పైన కంపెనీ పేరు, కింద మోడలు పేరు, ఆరు అంకె దగ్గర చిన్న అక్షరాల్లో ఏ దేశంలో తయారైందీ ఉంటాయి. హెచ్‌ఎంటీ అయితే '17 జ్యుయెల్స్', 'పారా షాక్' అన్న మాటలు కనిపిస్తాయి. కొన్ని జనతాల మీద పేరు హిందీలో ఉంటుంది. అంకెలు కూడా దేవనాగరిలో ఉన్నవి ఉన్నాయి. పారా షాక్ అంటే వాచీ కింద పడినా సున్నితమైన చక్రం ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు. అదే పనికి స్విస్ వాచీల మీద 'ఇన్‌కాబ్లాక్' అని ఉంటుంది.

ఈ '17 జ్యుయెల్స్' మీద మన ఊళ్లలో పెద్ద పుకారే ఉండేది. 'లోపల పదిహేడు కెంపులుంటాయట, మెకానిక్కు కాజేస్తాడట!' అని. అవి కెంపులే, కాదనలేం. కానీ ఫ్యాక్టరీలో చేసిన కృత్రిమ కెంపులు. చక్రాల ఇరుసులు తిరిగేచోట రాపిడి తగ్గడానికి పెడతారు. ఒక్కోటి ఆవగింజంత. వాటికోసం ఎవరూ వాచీని దోచుకోరు.

తరవాత వెనక మూత. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే సంతోషపడిపోకండి. మూత మాత్రమే స్టీలు అని దానర్థం. పైభాగం ఇత్తడి మీద క్రోమియం పూత అయి ఉండొచ్చు. '10 మైక్రాన్లు', '20 మైక్రాన్లు' అని ఉంటే అది బంగారు పూత మందం. పూత అంటే పూతే, బంగారు వాచీ కాదు.

సీకో వాచీలైతే వెనకవైపే పుట్టినతేదీ ఉంటుంది. మూత మీద ఉన్న సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు మాత్రం అంకె బదులు ఇంగ్లిషు అక్షరాలు ఓ, ఎన్, డి వాడతారు. నంబరు 82తో మొదలైతే ఫిబ్రవరి, ఎనిమిదితో ముగిసే ఏడాది. అది 1978వ సంవత్సరమా 1988వ సంవత్సరమా అన్నది మూత మీదున్న మోడలు నంబరును బట్టి, ఇంట్లోవాళ్ల జ్ఞాపకాన్ని బట్టి తేల్చుకోవాలి. 'బాబాయి దుబాయ్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు' అన్న ఒక్క మాటతో లెక్క తేలిపోతుంది. సిటిజన్‌లోనూ ఇలాంటి పద్ధతే. మొదటి అంకె ఏడాది, తరవాతి రెండూ నెల.

అన్నిటికన్నా విలువైన సమాచారం మూత తెరిస్తేనే కనిపిస్తుంది. దయచేసి కూరగాయల కత్తితో ప్రయత్నించకండి. కత్తి జారితే అరచెయ్యి తెగుతుంది, లేదా వాచీ మిషను గీసుకుపోతుంది. మెకానిక్కు దగ్గరే తెరిపించి చూడండి. మిషను మీద నంబరు ఉంటుంది. స్విస్ వాచీల్లో అయితే తిరుగుతూ ఊగే బ్యాలెన్స్ చక్రం కింద చిన్న ముద్ర, అంకె కనిపిస్తాయి. చాలా స్విస్ కంపెనీలు పైపేరు తమది పెట్టుకుని లోపలి మిషను వేరే ఫ్యాక్టరీల నుంచి కొనేవి. కాబట్టి డయలు మీది కంపెనీ ఎప్పుడో మూతపడినా కంగారు అక్కర్లేదు. మిషను నంబరు దొరికితే, అదే మిషను ఉన్న ఇంకో వాచీ సామాను దీనికి సరిపోతుంది.

మూత లోపలివైపు కూడా చూడండి. సూదితో గీసినట్టు సన్నటి గీతలు, అంకెలు, పొడి అక్షరాలు ఉండొచ్చు. పాతకాలం మెకానిక్కులు వాచీ బాగుచేసినప్పుడల్లా తమ గుర్తు, తేదీ అక్కడ గీసేవారు. డాక్టరు చీటీలాంటిదే అది. మీ తాతగారు వాచీని ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు బాగుచేయించుకున్నారో ఆ మూత చెబుతుంది.

ఇక ఆఖరి సాక్ష్యం మీ ఇంటి గోడమీదే ఉంది. పెళ్లి ఫొటో! అప్పటి ఫొటోగ్రాఫర్లు పెళ్లికొడుకు ఎడమచెయ్యి కనపడేలా నిలబెట్టేవారు. వాచీ కనపడాలి కదా మరి. ఫొటోలో వాచీ గుండ్రమా పలకా, డయలు తెలుపా నలుపా పోల్చి చూసుకోండి.

కీ ఎక్కువ ఇచ్చిందెవరు?

తెనాలిలో ఓ స్కూలు టీచరుగారున్నారు. ఆవిడకు పదకొండేళ్లప్పుడు, 1987లో, వాళ్ల నాన్నగారి జనతా వాచీకి కీ ఇచ్చారు. కీ బిగుసుకునేదాకా తిప్పారు. మర్నాడు వాచీ ఆగిపోయింది. 'కీ ఎక్కువిచ్చి పాడుచేసింది' అని నాయనమ్మ తేల్చేసింది. అప్పుడే మేనమామ సింగపూరు నుంచి క్వార్ట్జ్ వాచీ తేవడంతో జనతా బీరువాలోకి వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం బీరువాలోకి వెళ్లలేదు. పెళ్లిళ్లలో, పండగల్లో చుట్టాలు కలిసినప్పుడల్లా 'నాన్న వాచీ విరగ్గొట్టిన పిల్ల' అని పరిహాసమే. నాన్న పోయాక అది పరిహాసంలా వినిపించడం మానేసిందంటారావిడ.

వాచీని వాళ్లబ్బాయి విజయవాడలో ఓ మెకానిక్కుకు చూపించాడు. ఆయన తెరిచి చూస్తే స్ప్రింగు నిక్షేపంలా ఉంది. మూత లోపల చివరి గీత '79'. అంటే ఎనిమిదేళ్లపాటు వాచీకి నూనె పడలేదు. ఉన్న నూనె ఎండిపోయి తారులా గట్టిపడి చక్రాలను పట్టేసింది. కీ ఎవరిచ్చినా ఆ వారంలోనో తరవాతి వారంలోనో అది ఆగిపోయి ఉండేదే!

'కీ ఎక్కువిస్తే పాడైపోతుంది' అన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహ. చేత్తో కీ ఇచ్చే వాచీలో స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక కీ దానంతటదే బిగుసుకుంటుంది. అక్కడ ఆపేయాలి. మొండిగా బలం ఉపయోగిస్తే తప్ప ఏమీ కాదు. కీ బిగుసుకుని ఉండీ వాచీ నడవడం లేదంటే, స్ప్రింగులో బలం ఉంది, దాన్ని చక్రాలు అందుకోలేకపోతున్నాయి అని అర్థం. మురికి, ఎండిన నూనె... తొంభై పాళ్లు ఇదే జబ్బు. కీ ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే స్ప్రింగు తెగింది. కుదిపితే నడిచి, కిందపెడితే ఆగిపోతుంటే మురికి కావచ్చు, బ్యాలెన్స్ చక్రం ఇరుసు దెబ్బతిని ఉండొచ్చు. ఉన్నట్టుండి గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరిగెడుతుంటే వాచీకి అయస్కాంతం పట్టిందేమో చూడాలి. స్పీకరు పక్కన, ఫోను కవరు అయస్కాంతం పక్కన పెట్టి ఉంటారు. దాన్ని వదిలించే చిన్న యంత్రం మెకానిక్కుల దగ్గర ఉంటుంది, క్షణాల్లో పని.

గల్ఫ్ నుంచి వచ్చిన సీకో ఫైవ్‌ల విషయంలో ఇంకో తమాషా. 'కీ తిప్పుతుంటే ఏమీ కావట్లేదు, విరిగిపోయింది' అని పక్కన పడేస్తారు. ఆ రోజుల్లో వచ్చిన ఆ రకం వాచీల్లో చాలావాటికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. చెయ్యి కదలికకే స్ప్రింగు చుట్టుకుంటుంది. మెల్లగా అటూ ఇటూ ఓ అరనిమిషం ఊపి చూడండి.

అన్నట్టు, తెనాలి టీచరుగారు ఈ సంగతి తెలియగానే ఎనభై ఏళ్ల వాళ్లమ్మకు ఫోన్ చేశారు. 'అమ్మా, నాన్న వాచీ నేను పాడుచెయ్యలేదే' అని. అటువైపు నుంచి నవ్వు. 'మీ నాన్నకు తెలుసులేవే. ఆయనకే కొత్త వాచీ పెట్టుకోవాలని సరదా!' అన్నారట ఆవిడ.

పెట్రోల్లో ముంచితే సరిపోదు

చేతివాచీ బ్యాలెన్స్ చక్రం చేసే పని ఎంతో తెలుసా? ఆ కాలం వాచీలు చాలావరకు సెకనుకు ఐదుసార్లు టిక్కుమంటాయి. గంటకు 18,000. రోజుకు 4,32,000. ఇంత పనిచేసే యంత్రానికి అందే నూనె అంతా కలిపితే ఒక చుక్క కూడా ఉండదు. అది ఎండిపోయాక కూడా వాచీని నడిపిస్తే లోహం లోహాన్ని అరగదీస్తుంది. అందుకే ఏళ్ల తరబడి పడున్న వాచీ రెండుసార్లు కీ ఇవ్వగానే నడిచిందని సంబరపడి రోజూ పెట్టుకోకూడదు. నడుస్తోందని తెలిసింది కదా, చాలు. ఇక సర్వీసింగుకు ఇవ్వాలి.

సర్వీసింగు అంటే మిషన్ని మొత్తం విప్పి, ప్రతి చక్రాన్నీ మరనూ విడిగా శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తూ ఎక్కడ ఏ నూనె పడాలో అక్కడ అది పెట్టడం. స్ప్రింగు దగ్గర చిక్కటిది, వేగంగా తిరిగే ఇరుసుల దగ్గర పల్చటిది. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆ తరవాత టైము సరిచూడ్డానికి ఇంకో నాలుగైదు రోజులు. 'కూర్చోండి, పావుగంటలో ఇచ్చేస్తా' అన్నారంటే మిషన్ని విప్పకుండా పెట్రోల్లో ముంచి, పైన నూనె చుక్క వేసి ఇవ్వబోతున్నారన్నమాట. మురికి కరిగి మళ్లీ ఇరుసుల్లోకే చేరుతుంది. ఓ నెల నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది.

మంచి మెకానిక్కును ఎలా గుర్తుపట్టాలి? దుకాణం హంగు చూడొద్దు. కంటికి పెట్టుకునే చిన్న దుర్బిణి, వంచిన వీపు, చిన్న చిన్న డబ్బాల్లో పాత సామాను... పాత హెచ్‌ఎంటీలు విప్పి సామాను దాచిపెట్టుకున్న చోటే మీ వాచీకి వైద్యం దొరుకుతుంది. సికింద్రాబాద్, కోఠి, అబిడ్స్‌లలోనూ విజయవాడ, విశాఖ, వరంగల్ లాంటి ఊళ్లలోనూ పాత బజార్లలో వెతికితే ఇలాంటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు చాలామంది ఈ పని నేర్చుకోలేదు. కాబట్టి 'తరవాత చూద్దాంలే' అనుకుంటే వాచీ ఉంటుంది, బాగుచేసే చెయ్యి ఉండదు.

ఇచ్చేముందు మూడు మాటలు చెప్పండి. మొత్తం విప్పి శుభ్రం చేయాలి. ఏ భాగం మార్చినా పాతది పొట్లం కట్టి తిరిగివ్వాలి. నన్ను అడగకుండా డయలు, ముళ్లు, పైకేసు ముట్టుకోకూడదు. వాచీని ముందూ వెనకా, మూత తీసి లోపలా ఫొటోలు తీసుకోండి. నిజాయతీపరుడు దీనికి ఏమీ అనుకోడు.

డయలు పోతే మళ్లీ రాదు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ముప్పై నలభై ఏళ్ల డయలు కాస్త మరకలు పడి, గోధుమరంగు తిరిగి ఉంటుంది. 'కొత్త పెయింట్ వేయిస్తాను సార్, మెరిసిపోతుంది' అంటారు. మనమూ సరేనంటాం. పాత డయలు మీది రంగూ అక్షరాలూ మొత్తం గీకేసి, కొత్తగా రంగు వేసి, కంపెనీ పేరు మళ్లీ అచ్చు వేస్తారు. ఫ్యాక్టరీ అచ్చు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఇది లావుగా ముద్దగా ఉంటుంది. నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా ఉండవు. కొన్నిసార్లు కంపెనీ పేరులో అక్షరం కూడా తప్పు పడుతుంది.

సికింద్రాబాద్‌లో నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న ఓ పెద్దాయన చెప్పిన మాట ఇది. ఒకతను వాళ్ల నాన్న వాచీ తెచ్చాడు. పాతికేళ్ల సర్వీసు పూర్తయినందుకు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన హెచ్‌ఎంటీ. డయలు మధ్యలో ఆ ఫ్యాక్టరీ గుర్తు. అప్పట్లో సంస్థలు ఇలా తమ గుర్తుతో వాచీలు చేయించి ఇచ్చేవి. 'కొత్తదాని లెక్క చెయ్యాలె' అన్నాడు కొడుకు. చేశారు. తీసుకెళ్లాడు. మూడో రోజు తిరిగొచ్చాడు. ఆ గుర్తు మళ్లీ వేయమని. 'యాడికెల్లి తెద్దు సార్? ఆ ఫ్యాక్టరీయే లేదిప్పుడు. డయల్ పోతే మళ్ల రాదు. అప్పటిసంది ఎవరు డయల్ పెయింటింగ్ అన్నా, రెండు దినాలు ఆలోచించుకుని రమ్మంటున్న' అన్నారాయన.

ఆ రెండు రోజుల గడువు మనం కూడా పెట్టుకోవాలి. మిషన్ని శుభ్రం చేయడం, తెగిన స్ప్రింగు మార్చడం, కీ అరిగిపోతే కొత్తది వేయడం... ఇవి వాచీకి ప్రాణం పోసే పనులు. వీటికి వెనకాడక్కర్లేదు. అద్దం ప్లాస్టిక్ లాంటిదే కాబట్టి పైగీతలను కాస్త టూత్‌పేస్టుతో మెత్తటి గుడ్డ పెట్టి మెల్లగా రుద్దితే చాలావరకు పోతాయి. పగిలితే మార్చడమూ తేలికే. బెల్టు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పాతది దాచుకోండి. కానీ డయలు, ముళ్లు, కేసు... ఈ మూడూ మీ నాన్నగారు రోజూ చూసినవి, తాకినవి. కేసును మిషను మీద పాలిష్ చేయిస్తే అంచులు అరిగిపోతాయి, పూత లేచి ఇత్తడి బయటపడుతుంది. అంకెలు కనిపిస్తున్నంతకాలం మరకలున్న డయలును అలాగే ఉండనివ్వండి. ఒకవేళ అస్సలు చదవలేని స్థితిలో ఉంటే, పాత డయలు తీసి భద్రంగా దాచి, అదే మోడలు డయలు ఇంకొకటి దొరికితే వేయించండి. పాతది మీ దగ్గర ఉన్నంతవరకు ఏమీ పోయినట్టు కాదు.

ఇలా పెయింట్ వేసిన వాచీలకు బయటి దేశాల్లో పాత వాచీలు పోగుచేసేవాళ్లు పెట్టిన పేరు 'బొంబాయి స్పెషల్'. నారింజ, నీలం, ఎరుపు రంగుల్లో ధగధగలాడే 'పాత' హెచ్‌ఎంటీ పైలట్లు, ఫావ్రె లూబాలు చవగ్గా కనిపిస్తే కాస్త ఆగండి. కేసు ఒకదానిది, మిషను ఒకదానిది, డయలు నిన్న మొన్నటిది అయి ఉండొచ్చు. 

చీకట్లో మెరిసే ముళ్లతో జాగ్రత్త

ఒక హెచ్చరిక. 1960లకు ముందు వాచీల్లో, ముఖ్యంగా మిలటరీ రకం వాచీల్లో, చీకట్లో మెరవడానికి అంకెలకూ ముళ్లకూ రేడియం కలిపిన రంగు పూసేవారు. 1920ల్లో అమెరికాలో ఆ రంగు పూసే పనిచేసిన ఎంతోమంది అమ్మాయిలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ, తెలియకుండానే రేడియం మింగి జబ్బుల పాలయ్యారు. ఇప్పుడు మీ వాచీ మెరవడం లేదు కాబట్టి రేడియం పోయిందనుకోకండి. మెరుపునిచ్చే పదార్థం అరిగిపోయిందంతే. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం బిగించి ఉన్న వాచీని పెట్టెలో ఉంచుకుంటే భయపడాల్సిన పనిలేదు. కానీ ఇంట్లో అద్దం తీయొద్దు, ఆ గోధుమరంగు పొడిని గీకొద్దు, ఊదొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. మెకానిక్కుకూ ముందే చెప్పండి. ఆయన ఊపిరితిత్తులు కూడా మనవాళ్లవే.

ఎంత వస్తుంది?

పాత వాచీ అనగానే 'అమ్మితే ఎంతొస్తుంది?' అన్న ప్రశ్న వస్తుంది. దాచుకోవడం దేనికి, చెప్పేద్దాం. జనతాలాంటి వాచీలు లక్షలాదిగా తయారయ్యాయి. దాన్ని అమ్మి ఎవరూ ఇల్లు కట్టలేరు. కొన్ని సందర్భాల్లో సర్వీసింగు ఖర్చే దాని ధరను మించొచ్చు. లెక్క చూసుకునేవాళ్లు ఈ పనికి దిగకపోవడమే మేలు. అరుదైన స్విస్ వాచీ అయితే మాత్రం ఒకరి మాట నమ్మి ఇచ్చేయకండి. మిషను నంబరు, ఫొటోలతో ఇద్దరు ముగ్గురిని అడిగాకే మాట్లాడండి.

ముగ్గురు పిల్లలు, ఒకటే వాచీ ఉన్నచోట చిక్కు వస్తుంది. పొలం గట్టు దగ్గర రాని గొడవ వాచీ దగ్గర వచ్చిన ఇళ్లూ ఉన్నాయి. కొందరు ఏడాదికొకరి దగ్గర పెట్టుకుంటున్నారు, సంక్రాంతికి చేతులు మారుతుంది. మంచి పద్ధతే. లాకర్లో ఎవరికీ కాకుండా ఉండేకన్నా నయం.

బాగైన వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి. ఒకసారి పూర్తిగా ఇస్తే ఒకటిన్నర రోజు దాకా నడుస్తుంది. రోజుకు అరనిమిషమో నిమిషమో తేడా వస్తే అది జబ్బు కాదు, వయసు. నీళ్లకూ చెమటకూ దూరంగా ఉంచండి. వెనక 'వాటర్‌ప్రూఫ్' అని ఉన్నా నమ్మొద్దు, లోపలి రబ్బరు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. తేదీ ఉన్న వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా తేదీ మార్చొద్దు, ఆ వేళలో చక్రాలు తమంతట తాము తేదీ మార్చే పనిలో ఉంటాయి. నాలుగైదేళ్లకోసారి మళ్లీ సర్వీసింగు చేయించండి. పెట్టుకోకుండా దాచేటప్పుడు తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి డబ్బాలో పడేయండి. కోస్తా ఊళ్లలో ఇది మరీ అవసరం.

ఇంకొక్క పని మిగిలింది. దానికి మెకానిక్కు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఓ చిన్న కాగితం తీసుకోండి. ఈ వాచీ ఎవరిది, ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఎన్నాళ్లు పెట్టుకున్నారు... తెలిసినంత రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అమ్మనో, పెద్దనాన్ననో, ఊళ్లో ఉన్న మేనత్తనో. కంపెనీ పేరు డయలు మీద దొరుకుతుంది, నెలా సంవత్సరం మూత మీద దొరుకుతాయి. 'మొదటి జీతంతో కొనుక్కున్నారు, ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదని మీ తాతయ్య కోప్పడ్డారు' అన్న సంగతి మాత్రం ఎక్కడా చెక్కి ఉండదు. అది చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే అడగాలి. వాచీ ఇంకో పదేళ్లు ఆగగలదు.